కొల్లేటి గట్టు మీద నుంచి – 9: ఆ మొదటి ఆరు నెలలు



పోయిన ఆదివారం మా పేట చెల్లి ఒకమ్మాయి హాస్టల్ నుంచి ఔటింగ్‌కి వచ్చి నా దగ్గరకి ఒక కాగితం తెచ్చింది. పదో తరగతి దాకా ఊళ్లో తెలుగు మీడియం. మంచి మార్కులే వచ్చాయి. ఏలూరులో ఒక కాలేజీలో బైపీసీలో చేర్చారు. ఆ కాగితం వాళ్ల టైంటేబుల్. పొద్దున్న 6 నుంచి రాత్రి 9 దాకా ఒక్క గడీ ఖాళీ లేదు. ఇంటరు సిలబస్ ఒక పక్క, నీట్ మెటీరియల్ ఇంకో పక్క, వారం వారం పరీక్ష.

"అన్నయ్యా, క్లాసులో అందరికీ అర్థమవుతోంది. నాకే అవట్లేదు. ఇందులో ఏది ముందు చదవాలి, ఏది పక్కన పెట్టాలి?" అంది.

నేను తెలుగు పాఠం చెప్పేవాణ్ని. అయినా ఆ ప్రశ్న నాకు కొత్త కాదు. 2006 జూన్‌లో నేనూ బైపీసీలో చేరాను. ఆ ఏడాదే ఆపరేషన్ కొల్లేరు పేరుతో ఐదో కాంటూరు లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. మా నాన్న ఒక చెరువు మీద కాపలా మనిషి. గట్టు పోయింది, జీతం పోయింది. రెండో విడత ఫీజు కట్టలేకపోయాం. కాలేజీలో వెనక బెంచీకి మార్చారు. ఫిజిక్సు మొదటి నెలలోనే అర్థం కావడం మానేసింది. డిసెంబరుకి గ్రూపు మార్చుకున్నాను. ఇవాళ తెలుగులో డాక్టరేటు ఉంది. తెలుగంటే ప్రేమే. కానీ నేను తెలుగులోకి ప్రేమతోనే వచ్చానని చెబితే అబద్ధం.

ఆ ఆరు నెలలు నా తెలివితక్కువతనమే అనుకుని చాలా ఏళ్లు సిగ్గుపడ్డాను. చరిత్ర చదివాక ఆ సిగ్గు తగ్గింది. ఆ చరిత్రే ఇవాళ మీకు చెబుతున్నాను.

డాక్టరు చదువుకి ముందు ఏం చదివి ఉండాలి? ఈ ప్రశ్నకి జవాబు మారుతూ వచ్చింది. విశాఖపట్నంలో 1902లో మెడికల్ స్కూలు పెట్టారు. ఆ రోజుల మెడికల్ స్కూళ్లలో హైస్కూలు చదువుతో చేరి ఎల్.ఎం.పి. డాక్టరు కావచ్చు. 1923లో విశాఖలోనే మెడికల్ కాలేజీ వచ్చింది. ఎం.బి.బి.ఎస్.కి ఇంటర్మీడియట్ సైన్సు కావాలి. 1946లో భోర్ కమిటీ దేశమంతా ఒకే స్థాయి డాక్టరు ఉండాలంది. ఎల్.ఎం.పి. దారి మూసుకుపోతూ వచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ మెట్టు ఎత్తు పెరిగింది. ఆ మెట్టు ఎక్కాలంటే ప్రయోగశాల ఉన్న కాలేజీ అందుబాటులో ఉండాలి. ఏలూరులో సర్ సి.ఆర్. రెడ్డి కాలేజీ 1945లో గానీ రాలేదు. అప్పటికి మన పేటల్లో ఎంతమంది హైస్కూలు గడప తొక్కారు? ఆకివీడు మిషన్ ఆసుపత్రి లాంటి చోట్ల మనవాళ్లు తెల్లచీర కట్టి నర్సులయ్యారు, కాంపౌండర్లయ్యారు. డాక్టరు కుర్చీ దాకా పోయేదారి ఇంటర్మీడియట్ దగ్గరే ఆగింది.

అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. మెడికల్, ఇంజనీరింగ్ సీట్లకి అక్కడ కమ్యూనల్ జీవో ఉండేది. ప్రతి 14 సీట్లలో బ్రాహ్మణేతర హిందువులకి 6, వెనకబడిన హిందువులకి 2, బ్రాహ్మణులకి 2, హరిజనులకి 2, ఆంగ్లో ఇండియన్లకీ క్రైస్తవులకీ కలిపి 1, ముస్లింలకి 1. 1950లో చంపకం దొరైరాజన్ దీని మీద కోర్టుకెళ్లారు. ఆమె మెడికల్ కాలేజీకి అసలు దరఖాస్తే పెట్టలేదు. అయినా 1951 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవోను కొట్టేసింది. అదే ఏడాది జూన్‌లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి 15(4) చేరింది. అప్పుడు న్యాయశాఖ మంత్రి బాబాసాహెబ్. ఇవాళ మనం రాసే ప్రతి ఎస్సీ కోటా దరఖాస్తు వెనక ఆ నాలుగో క్లాజు ఉంది.

సీటు నిలిచింది. కానీ ఆ సీటు ముందు గేటు కదులుతూనే ఉంది. 1950ల చివర్లో పాత ఇంటర్మీడియట్ పోయి ఏడాది పి.యు.సి. వచ్చింది. 1969లో జూనియర్ కాలేజీలు, రెండేళ్ల ఇంటరు వచ్చాయి. 1970లో మెడికల్ సీట్లకి ప్రవేశ పరీక్ష పెట్టారు. కొందరు విద్యార్థులు సవాలు చేస్తే, ప్రభుత్వం పరీక్ష పెట్టుకోవచ్చని 1971లో సుప్రీంకోర్టు చెప్పింది. 1980ల్లో ఎంసెట్. 2017 నుంచి మన రాష్ట్రంలో నీట్. ఎంసెట్‌కి తెలుగు అకాడమీ పుస్తకం నమలితే చాలనేవాళ్లు. నీట్‌కి ఎన్.సి.ఇ.ఆర్.టి. పుస్తకం.

గేటు మారిన ప్రతిసారీ డబ్బున్న ఇల్లు కొత్త కోచింగ్ కొనుక్కుని ఏడాదిలో సర్దుకుంది. మన ఇంటికి గేటు మారిందన్న సంగతి తెలిసేసరికే రెండేళ్లు గడిచిపోయాయి. మెరిట్ అని పిలిచేదాంట్లో తెలివి ఎంతో, ముందుగా తెలియడం ఎంతో లెక్క తీయండి.

2023లో ఏలూరుకే ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది, 150 సీట్లతో. సంతోషమే. కానీ తెరిచిన ఏడాది నియమాలు చూడండి. ఆలిండియా కోటా తీసేశాక మిగిలినవాటిలో సగమే మామూలు ఫీజు సీట్లు. 35 శాతం ఏడాదికి 12 లక్షలకి, 15 శాతం ఎన్నారై కోటాలో 20 లక్షలకి. కొల్లేట్లో ఎస్సీ సొసైటీల పేరు మీద చెరువులు, లీజు మాత్రం పెద్ద రైతులవి. మనకి తెలిసిన కథే. బోర్డు మీద ప్రభుత్వమనే ఉంటుంది. లోపలి లెక్క చదవాలి.

అందుకే చెల్లికి ఆ రోజు ధైర్యం చెప్పి పంపెయ్యలేదు. మెడిసిన్ చదువుతున్న మనవాళ్లని ఫోనులో అడిగి, ఇద్దరం కలిసి ఆ కాగితం వెనక వేరే టైంటేబుల్ రాశాం. జూన్ నుంచి డిసెంబరు దాకా, ఆరు నెలలకే.

మొదటి మూడు వారాలు లెక్కలు. బైపీసీలో లెక్కల సబ్జెక్టు ఉండకపోయినా ఫిజిక్సులో సదిశలు, త్రికోణమితి, లాగరిథంలు వస్తాయి. నేను మునిగింది అక్కడే.

నీట్‌లో 180 ప్రశ్నలు. 90 బయాలజీ, 45 ఫిజిక్సు, 45 కెమిస్ట్రీ. కాబట్టి రోజూ బయాలజీ ఉండాలి, అదీ పుస్తకంలోంచి. నాలుగు రకాల మెటీరియల్ వద్దు. కెమిస్ట్రీలో మోల్ లెక్కలు వచ్చేదాకా ముందుకి పోవద్దు.

ఒక నోటుబుక్కులో రోజుకి 15 మాటలు, తెలుగు ఎడమ పక్క, ఇంగ్లీషు కుడి పక్క. కణత్వచం, ప్లాస్మా మెంబ్రేన్. నీట్ తెలుగులోనూ రాయొచ్చు. కానీ ఎం.బి.బి.ఎస్. ఇంగ్లీషులోనే.

ఏది పక్కన పెట్టాలి? నీట్ ర్యాంకులో ఇంటరు మార్కులు కలవవు. అర్హతకి ఎస్సీ విద్యార్థికి ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 40 శాతం చాలు. కాబట్టి రెండో భాషలో నూటికి తొంభై తొమ్మిది కోసం నిద్ర పాడుచేసుకోవద్దు. తెలుగు లెక్చరర్ని, నేనే చెబుతున్నాను.

నిద్ర ఏడు గంటలు. కులం, ఆదాయం సర్టిఫికెట్లు, స్కాలర్‌షిప్ దరఖాస్తు ఇప్పుడే. కౌన్సెలింగ్ వారంలో మీసేవ చుట్టూ తిరగొద్దు.

సీటు రాకపోతే? తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో హార్టికల్చర్ యూనివర్సిటీ ఉంది. బైపీసీతోనే పోవచ్చు. ఒక్క పరీక్షతో బతుకు అయిపోదు. ఆ మాట మొదటి నెలలోనే చెప్పాలి, ఫలితాల రోజు కాదు.

2020 డిసెంబరులో ఏలూరు వీధుల్లో వందల మంది ఉన్నట్టుండి పడిపోయారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని తేలింది. నీళ్లు ఎక్కడివి, ఏం తిన్నారు, ఏ వీధి అని అడగాల్సిన రోజు అది. ఆ వీధిలో పెరిగిన డాక్టరు ఉంటే ఆ ప్రశ్నలు ముందే తెలుస్తాయి. మన పిల్లలు ఆ కోటు వేసుకోవాలనడం పరువు కోసం కాదు.

చెల్లి సాయంత్రం బస్సుకి వెళ్లిపోయింది. కాగితం మడిచి బయాలజీ పుస్తకంలో పెట్టుకుంది. మెడిసిన్ చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, సెలవులకి ఊరొచ్చినప్పుడు పేటలో ఒక్క సాయంత్రం కూర్చోండి. మొదటి ఆరు నెలలు ఎలా గడిపారో చెప్పండి. 2006లో నాకు ఆ మాట చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు.

వచ్చే భాగంలో ఆకివీడు ఆసుపత్రిలో పనిచేసిన మన నర్సమ్మల కథ.

జై భీమ్.