సారా జీపును ఆపిన పాఠం

గాంధీ జయంతి అందరికీ గుర్తుంటుంది. దానికి ముందు రోజును మాత్రం మనం మరిచిపోయాం. 1993 అక్టోబరు 1 నుంచి అప్పటి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా అమ్మకం ఆగిపోయింది. ఏటా వందల కోట్లు తెచ్చిపెట్టే వ్యాపారాన్ని ఏ ప్రభుత్వమూ తనంతట తాను మూసుకోదు. మూయించింది నెల్లూరు జిల్లా పల్లెల్లో కూలి చేసుకునే ఆడవాళ్లు. వాళ్ల దగ్గర ఉన్నవి చీపుర్లు, కారప్పొడి, అప్పుడప్పుడే దిద్దుతున్న అక్షరాలు. వాళ్లు నిలబడ్డ చోటు సొంత ఊరి వీధి. ఆ కథ చెప్పుకోవాలి. అయితే ఆ పోరాటం రాజుకున్న దూబగుంట అనే ఊళ్లో మొదలుపెడితే సగమే చెప్పినట్టవుతుంది.

వీధిలో జనాన్ని పోగేసి ఆటపాటలతో లోకం సంగతి చెప్పడం మనకు పాత అలవాటే. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శివరాత్రికి శ్రీశైలం చేరిన జనం ముందు ఎన్ని రకాల ఆటలు ఆడేవారో వరసపెట్టి రాశాడు. మాచుపల్లి కైఫీయతులో మరో ముచ్చట ఉంది. 1502 ప్రాంతంలో సిద్ధవటం సీమను ఏలే సమ్మెట గురవరాజు పన్నుల కోసం జనాన్ని, ఆడవాళ్లను కూడా చిత్రహింసలు పెడుతుంటే, ఆ దారిన పోతున్న కూచిపూడి భాగవతులు కళ్లారా చూశారు. విజయనగరం చేరి వీరనరసింహ రాయల ఎదుట ఆ హింసనే వేషం కట్టి ఆడి చూపించారు. చూస్తున్నది కట్టుకథ కాదని రాయలకు అర్థమైంది. సైన్యాన్ని పంపి గురవరాజును పట్టించి శిక్షించాడు. కళ చేయగల పని ఇంతకన్నా సూటిగా చెప్పే కథ మన దగ్గర మరొకటి లేదని నా అభిప్రాయం.

తర్వాతి నాలుగు వందల ఏళ్లలో జంగాలు, దాసరులు, పగటి వేషగాళ్లు, తోలుబొమ్మలాటవాళ్లు ఊరూరా తిరిగారు. వాళ్లు ఏ కరణాన్ని, ఏ షావుకారును ఎండగట్టారో రాసిపెట్టేవాళ్లు లేకపోయారు. 1921లో ఎడింబరోలో చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య పిలుపు మీద చీరాల, పేరాల జనం మునిసిపల్ పన్ను కట్టబోమని ఊరే ఖాళీ చేసి, బయట రామనగర్ పాకల్లో సుమారు 11 నెలలు కాపురం ఉన్నారు. గోపాలకృష్ణయ్య పెట్టిన రామదండు వాలంటీర్లు వాళ్లకు కాపలా ఉన్నారు. 1943లో ప్రజానాట్యమండలి పుట్టింది. షేక్ నాజర్ గజ్జె కట్టి బెంగాల్ కరువు కథ చెబితే పల్లెలు కన్నీళ్లు పెట్టాయి. 1947లో వచ్చిన 'మా భూమి' నాటకాన్ని ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది. ఆ తరం గురించి మన దగ్గర పుస్తకాలకు కొదవ లేదు కాబట్టి ఇక్కడ ఆగను.

నెల్లూరు కథకు అసలు దారి కేరళ నుంచి వచ్చింది. అక్కడ మలయాళంలో సైన్సు రాసేవాళ్లు 1962లో పెట్టుకున్న చిన్న సంఘం కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు. 1970ల చివర పాలక్కాడ్ జిల్లా సైలెంట్ వ్యాలీ అడవిలో కుంతీ నదికి అడ్డంగా విద్యుత్ ప్రాజెక్టు కడతామన్నప్పుడు వాళ్లు లెక్కలు తీశారు. ఎంత అడవి మునుగుతుంది, ఎంత కరెంటు వస్తుంది, ఆ కరెంటుకు వేరే దారి ఏమిటి అని కాగితం మీద పెట్టారు. కాగితం చదివేవాళ్లు కొద్దిమందే. అందుకే వీధి పట్టారు. 1980లో మొదటి శాస్త్ర కళాజాతా కేరళను పై కొస నుంచి కింది కొస దాకా చుట్టింది. ఓ డజనుకు పైగా కళాకారులు, ఒక బండి, ఒక డప్పు. వేదిక లేదు, తెర లేదు, మేకప్ లేదు. కూడలిలో గుండ్రంగా నిలబడ్డ జనం మధ్య పాట, చిన్న నాటిక, మళ్లీ పాట. అయిపోగానే పక్క ఊరు. చందా పుస్తకం తిప్పేవాళ్లు కాదు. జాతాకు అన్నం పెట్టిన ఊరు పరిషత్తు పుస్తకాలు కొనుక్కోవాలి, ఖర్చు అలా వెళ్లేది. 1983లో ఆ ప్రాజెక్టును విరమించుకున్నారు. ఈ రోజు సైలెంట్ వ్యాలీ జాతీయ పార్కు.

భోపాల్ విషవాయువు దుర్ఘటన తర్వాత ఆ పద్ధతి దేశమంతా పాకింది. 1987 అక్టోబరు 2న దేశంలో అయిదు వైపుల నుంచి అయిదు జన విజ్ఞాన జాతాలు బయల్దేరి నవంబరు 7న భోపాల్‌లో కలిశాయి. 1988లో మన దగ్గర అదే బాటలో జన విజ్ఞాన వేదిక ఏర్పడింది. 1990లో ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లా అయింది, అదే ఏడు చదువు కోసమే మరో జాతా దేశం తిరిగింది. 1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది.

మొదట కళాజాతా వచ్చింది. పొద్దుగూకే వేళ, నాట్లకో కలుపుకో పోయిన ఆడవాళ్లు ఇల్లు చేరే వేళ, రచ్చబండ దగ్గర డప్పు మోగేది. వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్న రైతు, బస్సు బోర్డు చదవలేక దారి తప్పిన అవ్వ, కూలి లెక్క తెలియక మోసపోయిన ఇల్లాలు. నాటికల్లో పాత్రలు ఇవే. జాతా వెళ్లిపోయిన మర్నాటి నుంచి ఊళ్లో రాత్రి బడి. చెప్పేవాళ్లు ఊళ్లోని చదువుకున్న కుర్రాళ్లు, అమ్మాయిలు. జీతం లేదు. లాంతరు వెలుగులో పలకలు పట్టుకుని కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, అందులోనూ దళితవాడల, వెనకబడిన కులాల ఆడవాళ్లు.

రోజంతా ఎండలో వంగి, ఇంటికొచ్చి వండి వార్చి, ఆ పైన అక్షరాలు దిద్దడానికి పలక పట్టుకోవడం మాటలు కాదు. వాళ్లు వచ్చింది అక్షరాల కోసం మాత్రమే అనుకోను. పెళ్లయ్యాక నలుగురు ఆడవాళ్లు ఒక చోట కూర్చుని, పని పక్కన పెట్టి, తమ గురించి మాట్లాడుకునే చోటు పల్లెలో అంతకు ముందు లేదు. వాచకంలో పాఠం చదివాక ఆ పాఠం మీద చర్చ జరగాలన్నది పద్ధతి. ఏ పాఠం మీద చర్చ పెట్టినా చివరికి తేలేది ఒకటే: సారా.

అప్పటి సారా సంగతి ఈ తరానికి చెప్పాలి. 1980లలో ప్రభుత్వం వారుణి వాహిని అనే పేరుతో సారాను ప్లాస్టిక్ ప్యాకెట్లలో పోసి అమ్మకానికి పెట్టింది. ప్యాకెట్ జేబులో పడుతుంది, పొలం గట్టుకు వస్తుంది, అరువుకూ దొరుకుతుంది. కాంట్రాక్టరు జీపు ఊరి నడిబొడ్డు దాకా వచ్చి దించిపోతుంది. బిందె నీళ్లకు మైళ్లు నడవాలి, సారా మాత్రం గుమ్మం ముందుకొస్తుంది. ఈ మాట ఆ రోజుల్లో నెల్లూరు ఆడవాళ్లు అధికారులను మొహం మీదే అడిగారు. 1970-71లో 39 కోట్లున్న ఎక్సైజ్ ఆదాయం 1991-92 నాటికి 800 కోట్లు దాటింది. ఆ కోట్లన్నీ రోజు కూలి నుంచి, ఇల్లాలి పుస్తెల నుంచి, పిల్లల నోటి దగ్గరి ముద్ద నుంచి వచ్చినవే.

దూబగుంట కలిగిరి మండలంలోని ఊరు. అక్కడ తాగిన మత్తులో మగవాళ్ల ప్రాణాలు పోయాయి. చదువుకుంటున్న ఆడవాళ్లు పెద్దలను అడిగారు, సర్పంచిని అడిగారు. కొట్టుకు ప్రభుత్వ లైసెన్సు ఉంది, మేమేం చేస్తాం అన్నది జవాబు. అప్పుడు ఓ వంద మంది కలిసి ఊరి పొలిమేరకు నడిచారు. ముందుగా వచ్చింది కల్లు బండి. దాన్ని ఆపారు. కల్లు పారబోయమన్నారు. ఇక్కడ వాళ్లు చేసిన పనిని ఎన్నిసార్లు తలచుకున్నా నాకు తనివి తీరదు. బండివాడు కూడా బతుకుతెరువు కోసం వచ్చినవాడే కదా అనుకుని, నీ నష్టం మేం తలా ఒక రూపాయి వేసుకుని కట్టిస్తాం, కల్లు మాత్రం ఊళ్లోకి రానివ్వం అన్నారు. అతను రూపాయిలు తీసుకోలేదు, బండి తిప్పుకుని పోయాడు. తర్వాత సారా జీపు వచ్చింది. దాన్ని చుట్టుముట్టారు. దించితే కలెక్టరుకు అర్జీ పెడతాం అన్నారు. అర్జీ రాయడం ఇప్పుడు వాళ్లకు చేతనవును. కొట్టు మూతపడింది. ముందు నిలబడ్డ వర్ధినేని రోశమ్మ పేరు తర్వాత ఊరి పేరుతో కలిసిపోయి దూబగుంట రోశమ్మ అయింది. 2016లో ఆమె కన్నుమూసింది.

ఇంతటితో ఆగితే ఒక ఊరి ముచ్చటగానే మిగిలేది. చదువు రెండో దశకు వాచకం తయారుచేస్తున్నవాళ్లు దూబగుంట కథను పాఠంగా పెట్టారు. పాఠం పేరు 'ఆడవాళ్లు ఏకమైతే'. ఊరి ఆడవాళ్లే చెబుతున్నట్టు, మేం ఇలా చేశాం అని, చిన్న చిన్న మాటల్లో రాశారు. జిల్లా అంతా రాత్రి బడుల్లో వేలాది గొంతులు కూడబలుక్కుంటూ ఆ పాఠం చదివాయి. చదవడం పూర్తయ్యాక వచ్చే ప్రశ్న ఒకటే కదా: మరి మన ఊళ్లో?

1992 వేసవి తర్వాత నెల్లూరు పల్లెల్లో జరిగింది చూస్తే కళాజాతావాళ్లు ఆడిన నాటికలు చిన్నబోతాయి. ఇప్పుడు కర్త, నటి, దర్శకురాలు అన్నీ ఊరి ఆడవాళ్లే. సారా ప్యాకెట్లను పాడె మీద పేర్చి, డప్పులతో శవయాత్ర తీసి, కూడలిలో తగలబెట్టారు. తాగొచ్చి కొట్టిన మొగుణ్ని గాడిద ఎక్కించి ఊరేగించారు. తాగి వచ్చిన రోజు ఇంట్లో పొయ్యి వెలిగించలేదు. కోలాటం వరసల్లో, జోలపాట వరసల్లో సారా మీద పాటలు కట్టారు. రాత్రిళ్లు వంతులేసుకుని పొలిమేర కాశారు, జీపు చప్పుడైతే చీపుర్లు, కారప్పొడి పట్టుకుని లేచారు. నాటకాల పద్ధతి ఎవరూ వాళ్లకు నేర్పలేదు. గంగమ్మ జాతర, పీర్ల పండగ, పెళ్లి ఊరేగింపు, చావు మేళం చూసి పెరిగినవాళ్లకు వీధిని రంగస్థలం చేయడం పుట్టుకతో వచ్చిన విద్య.

ఆ ఏడు సారా కొట్ల వేలం పాటకు వాళ్లు నెల్లూరు కదిలారు. ట్రాక్టర్లలో, బస్సుల్లో, కాలినడకన వచ్చి వేలం జరిగే చోట బైఠాయించారు. వేలం వాయిదా పడింది, మళ్లీ పడింది, మళ్లీ మళ్లీ పడింది. అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిది నెల్లూరు జిల్లానే. పత్రికలు ఈ వార్తలకు ప్రత్యేకంగా పేజీలు కేటాయించాయి. వావిలాల గోపాలకృష్ణయ్య వంటి పెద్దలు మద్య నిషేధం కోరుతూ ఊరూరా తిరిగారు. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా పోయింది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు సంపూర్ణ మద్య నిషేధం ఫైలు మీద సంతకం చేశారు. 1995 జనవరి 16 నుంచి అది అమలైంది. 1997లో ఎత్తేశారు.

మద్యం తిరిగొచ్చింది, ఉద్యమం ఓడిపోయింది అని చాలామంది తేల్చేస్తారు. నేను ఒప్పుకోను. సారా డబ్బు మిగిలిన నెల్లూరు ఇళ్లలో ఆడవాళ్లు రోజుకు ఒక రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. దానికి పొదుపులక్ష్మి అని పేరు. తర్వాత రాష్ట్రమంతటా లక్షల్లో పెరిగిన మహిళా సంఘాలకు ఆ రూపాయి ఒక పునాది. కల్లు బండివాడికి ఇస్తామన్న రూపాయి ఇలా ఇంకో దారి పట్టింది.

ఇక ఇప్పటి కాలానికి వస్తే దారం చిక్కుపడుతుంది. 2010లో శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల చిత్తడి నేలల కోసం రైతులు, మత్స్యకారులు రోడ్డెక్కితే కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 2016లో హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు చుట్టూ చెట్లు కొట్టేస్తారని నగరవాసులు చేయిచేయి పట్టుకుని మానవహారం కట్టారు. 2019లో నల్లమల యురేనియం మీద చెంచులు, పాటగాళ్లు, సినిమావాళ్లు గొంతు కలిపితే తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల కోసం విశ్వవిద్యాలయ విద్యార్థులు బుల్డోజర్లకు అడ్డం నిలబడ్డారు, సుప్రీంకోర్టు పనులు ఆపించింది. వినాయక చవితికి మట్టి బొమ్మలు పంచేవాళ్లు, చెరువు గట్టున ప్లాస్టిక్ ఏరేవాళ్లు, జంక్షన్లో ఫ్లాష్‌మాబ్ ఆడే కాలేజీ పిల్లలు ప్రతి పట్నంలోనూ ఉన్నారు. ఒక్కొక్కటీ విడివిడిగా నడుస్తోంది, ఒకదాని నుంచి ఇంకోటి పుట్టినట్టు చెప్పలేను. వీళ్లందరి మీదా నాకు గౌరవముంది. ఒక్క బెంగ మాత్రం ఉంది. కంచ గచ్చిబౌలిలోలాగా, సోంపేటలోలాగా నష్టపోయేవాళ్లే ఆడినప్పుడు ఆట ఒక పూటతో ముగిసిపోదు. ఊరికి సంబంధం లేనివాళ్లు వచ్చి అరగంట ఆడి, వీడియో తీసుకుని వెళ్లిపోతే, మర్నాడు అక్కడ రాత్రి బడి ఉండదు. నెల్లూరులో కళాజాతా చేసిన పెద్ద పని వెళ్లిపోయాక తలుపు తెరిచి ఉంచడం.

పన్నెండో తరగతి రాజనీతిశాస్త్రం పుస్తకంలో ఎన్‌సీఈఆర్‌టీ ఒకప్పుడు ప్రజా ఉద్యమాల మీద ఒక అధ్యాయం పెట్టింది. చిప్కోతో పాటు నెల్లూరు సారా పోరాటం కూడా అందులో ఉండేది. పాఠాలు తగ్గించే పనిలో ఆ అధ్యాయం మొత్తాన్నే తీసేశారు. దేశం చదివినా చదవకపోయినా మన పిల్లలు చదవాలి. అప్పటి వాచకాలు, జాతా పాటల పుస్తకాలు, ఊళ్లలో కట్టిన పాటలు ఒక చోట చేర్చే పని నెల్లూరు జిల్లా కేంద్ర గ్రంథాలయమో, అక్కడి విశ్వవిద్యాలయమో ఈ ఏడే మొదలుపెట్టాలి. ఆనాడు లాంతరు పట్టుకుని పాఠం చెప్పిన ఇరవై ఏళ్ల కుర్రాళ్లకు, అమ్మాయిలకు ఇప్పుడు యాభై దాటాయి. వాళ్లింకా పాటలు మరిచిపోలేదు.