తైలవర్ణ చిత్రం: పొరలు పొరలుగానా, నేరుగానా?

మన తర్లగూడలో ఆర్ట్ గ్యాలరీ లేదు. ఇక్కడ కళాచరిత్ర చదవడమంటే పేర్లు, సంవత్సరాలు బట్టీ పట్టడమే. నేనూ అంతే. ఒక మాక్ టెస్టులో ‘భారతీయ చిత్రకళపై పాశ్చాత్య ప్రభావం’ గురించి అడిగితే, ‘రవివర్మ తైలవర్ణాలు వాడాడు’ అని రాసి ఆగిపోయాను. మార్కులు రాలేదు. ఎలా వేస్తారో తెలియనివాడు ప్రభావం గురించి ఏం రాస్తాడు? అందుకే ఈ వ్యాసం.

రెండు పద్ధతులు

పొరల పద్ధతిలో ముందు ముఖంలోని వెలుగునీడలను ఒకే రంగు ఛాయల్లో వేస్తారు. అది ఆరాక పైన పలుచని, పారదర్శకమైన రంగుపూతలు ఒక్కొక్కటిగా వేస్తారు. కింది పొర పైపొరలోంచి కనబడి చర్మానికి నిగారింపు వస్తుంది. పై పొరలో నూనె పాలు ఎక్కువ ఉండాలి. లేకుంటే బీటలు వారుతుంది. యాన్ వాన్ ఐక్ (15వ శతాబ్దం) దీనికి ప్రసిద్ధుడు.

నేరు పద్ధతి (అల్లా ప్రిమా)లో తడి రంగుమీదే తడి రంగు వేసి, సరైన ఛాయను మొదటే పెడతారు. కుంచె జాడలు కనబడతాయి. ఫ్రాన్స్ హాల్స్ (17వ శతాబ్దం) ఉదాహరణ. 1841లో జాన్ రాండ్ లోహపు ట్యూబుకు పేటెంట్ పొందాక, సిద్ధంగా ఉన్న రంగుతో ఎక్కడైనా వేగంగా వేయడం తేలికైంది.

మన దేశంలో ఏమైంది?

ఇక్కడే అసలు విషయం. నేరు పద్ధతిని పక్కన నిలబడి చూస్తే చాలావరకు పట్టుకోవచ్చు. పొరల పద్ధతిలో ఒకరోజు చూస్తే ఒక పొరే తెలుస్తుంది. పూర్తయిన చిత్రం తన కింది పొరలను దాచేస్తుంది. కనుక గురువు చెప్పాలి. తిరువాన్కూరు ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయకర్ ఆ విద్య నేర్పలేదనీ, 1868లో వచ్చిన థియొడోర్ జెన్సన్ పని చేస్తుంటే చూడనిచ్చాడే తప్ప నేర్పలేదనీ రవివర్మ జీవితకథలు చెబుతాయి. చూసి, ప్రయత్నించి, చెరిపి నేర్చుకున్నవాడు 1873లో వియన్నా ప్రదర్శనలో బహుమతి పొందాడు.

ఈ గుట్టును పాఠంగా మార్చినవి కళాశాలలు: మద్రాసు (1850), బొంబాయి జె.జె. (1857). మన పక్కనుంచి పారే గోదావరి దిగువన, రాజమండ్రిలో పుట్టిన దామెర్ల రామారావు (1897–1925) కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో జె.జె.లోనే చదివాడు. తిరిగొచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి ఇతరులకు నేర్పాడు.

జవాబులో ఇలా రాయండి

‘తైలవర్ణం వచ్చింది’ అని ఆపకండి. సాంకేతికత ఎవరి చేతిలో దాగి ఉంది, ఏ సంస్థ దాన్ని బయటపెట్టింది అని రాయండి. గురువు నుంచి కళాశాలకు, కళాశాల నుంచి ఊరికి: ఈ మూడు మెట్లూ మీ జవాబులో ఉంటే, గ్యాలరీ లేని ఊళ్లో చదివినా మీరు వెనకబడరు.