రీవా–ఢిల్లీ మెట్రో సౌర విద్యుత్ ఒప్పందం

మధ్యప్రదేశ్‌లోని రీవా సౌర పార్కు నుంచి ఢిల్లీ మెట్రో రైలు సంస్థ 25 ఏళ్లపాటు కరెంటు కొనేందుకు 2017లో కుదిరిన ఒప్పందం. పార్కు సామర్థ్యం 750 మెగావాట్లు. 250 చొప్పున మూడు యూనిట్లు. ఉత్పత్తిలో 24 శాతం మెట్రోకు, మిగిలినది మధ్యప్రదేశ్ ప్రభుత్వ విద్యుత్ సంస్థకు చేరుతుంది.

2017 ఫిబ్రవరిలో 30 గంటలకు పైగా ఏకబిగిన సాగిన వేలంలో తొలి ఏడాది ధర యూనిట్‌కు 2.97 రూపాయలకు దిగింది. ఏటా 5 పైసల చొప్పున 15 ఏళ్లు పెరిగి, ఆపై ధర స్థిరంగా ఉంటుంది. పాతికేళ్ల ఖర్చు ముందే తెలియడం టికెట్ డబ్బుతో నడిచే సంస్థకు పెద్ద ఊరట. ఇంత తక్కువ ధర పలకడానికి అసలు కారణం బిల్లు సొమ్ముకు దొరికిన భరోసా: బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్, చెల్లింపుల నిధి, రాష్ట్ర ప్రభుత్వ పూచీకత్తు. బకాయిల భయం లేకపోతే అప్పు చౌకగా పుడుతుంది. ప్రభుత్వ సంస్థలు ఈ ఒప్పందం నుంచి ముందుగా నేర్చుకోవలసింది ఇదే.

2019 ఏప్రిల్ నుంచి ఈ కరెంటు అంతర్రాష్ట్ర గ్రిడ్ మీదుగా ఢిల్లీకి అందుతోంది. పొద్దుగూకాక నడిచే రైళ్లకు మాత్రం ఇతర వనరుల కరెంటే ఆధారం.