యుద్ధానికి పేరు పెట్టేది ఎవరు? బందరు చెప్పే పాత కథ

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి.

2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు నేను ఇంకా సాఫ్ట్‌వేర్ జాబ్‌లోనే ఉన్నా. అక్కడ మెడిసిన్ చదివే మన తెలుగు పిల్లలు బంకర్లలో ఉన్నారని వార్తలొస్తున్నాయి. ఆ ఊపులో, విమానాన్ని కూల్చేస్తున్న ఒక క్లిప్ పెట్టి షార్ట్ చేశా. రెండు రోజులకి ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు: "అన్నా, అది వీడియో గేమ్." చెక్ చేస్తే నిజమే, ఆర్మా 3 అనే గేమ్. డిలీట్ చేశా. కానీ అప్పటికే మా గుడివాడ ఫ్రెండ్స్ గ్రూపులో ఆ క్లిప్ చూసి "వాళ్లకి ఆయుధాలు ఇవ్వాల్సిందే" అని ఒకడు, "అసలు ఇవ్వకూడదు" అని ఇంకొకడు తిట్టుకున్నారు. క్లిప్ పోయింది, వాళ్ల ఒపీనియన్ మాత్రం పోలేదు.

అప్పట్నుంచి ఒక ప్రశ్న బుర్రలో తిరుగుతోంది. ఎక్కడో జరిగే యుద్ధానికి మన డబ్బు, మన మనుషులు ఇవ్వాలా వద్దా అని మనం ఎలా డిసైడ్ అవుతాం? దీనికి జవాబు వెతుక్కుంటూ వెళ్తే మన బందరు, మన దివిసీమ దగ్గరే తేలింది.

ముందు 1914కి వెళ్దాం. మొదటి ప్రపంచ యుద్ధం యూరప్‌లో. మనకేంటి సంబంధం? కానీ సెప్టెంబర్ 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ వచ్చి మద్రాసు రేవులో ఆయిల్ ట్యాంకుల్ని పేల్చేసింది. మన బందరు కూడా మద్రాస్ ప్రెసిడెన్సీలోదే, పైగా సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఒక్క రాత్రిలో దూరపు యుద్ధం మన ఇంటి యుద్ధం అయిపోయింది. ప్రెసిడెన్సీ వార్ ఫండ్ డబ్బుతో "మద్రాస్" పేరుతోనే ఒక హాస్పిటల్ ఓడ నడిచింది. నిజాం ఇచ్చిన డబ్బుతో విమానాలు కొన్నారు, అందుకే బ్రిటిష్ వాళ్ల 110వ స్క్వాడ్రన్‌కి "హైదరాబాద్" అని పేరు.

1917లో ఇండియా ఖజానా నుంచి బ్రిటన్ యుద్ధ ఖర్చుకి ఇచ్చిన కానుక ఎంతో తెలుసా? 10 కోట్ల పౌండ్లు. దాదాపు 13 లక్షల మంది మనవాళ్లు ఆ యుద్ధంలో పనిచేశారు, 70 వేల మందికి పైగా తిరిగి రాలేదు. అప్పటి కథ ఒక్కటే: ఇప్పుడు సాయం చేస్తే రేపు స్వపరిపాలన ఇస్తారు. 1918లో గాంధీ గారు కూడా ఖేడా జిల్లాలో సైన్యంలో చేరమని ఊరూరా తిరిగారు. తిరిగి మనకి ఏమొచ్చింది? 1919లో రౌలట్ చట్టం, జలియన్‌వాలాబాగ్.

ఇక్కడ బందరు ఎంటర్ అవుతుంది. 1902లో బందరులో కృష్ణాపత్రిక మొదలైంది. దివి తాలూకా ముట్నూరులో పుట్టిన ముట్నూరి కృష్ణారావు గారు 1907 నుంచి 1945లో చనిపోయేదాకా దానికి ఎడిటర్. ఒకే కుర్చీలో కూర్చుని రెండు ప్రపంచ యుద్ధాలు చూసిన మనిషి ఆయన. అప్పట్లో పేపర్ అంటే ఒకరు చదివితే అరుగు మీద పది మంది వినేవాళ్లు. ఇప్పటి ఫార్వర్డ్ లాంటిదే, కాకపోతే చదివే మనిషి ఎదురుగానే ఉంటాడు. డౌట్ వస్తే అక్కడే అడగొచ్చు.

ఇప్పుడు రెండో యుద్ధం. 1939లో వైస్రాయ్ మనల్ని ఒక్క మాట అడక్కుండా ఇండియా యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. ఈసారి జనం పాత అనుభవం మర్చిపోలేదు. 1940 అక్టోబర్‌లో వ్యక్తి సత్యాగ్రహం మొదలైంది. అందులో చేసే "నేరం" ఏంటంటే, బ్రిటిష్ యుద్ధానికి మనిషిని గానీ డబ్బు గానీ ఇవ్వడం తప్పు అని బహిరంగంగా చెప్పడం. ఆ ఒక్క వాక్యానికి జైలు! ఒక వాక్యానికి ప్రభుత్వం అంత భయపడిందంటే, జనం ఏ కథ నమ్ముతారన్నది దానికి ఎంత ముఖ్యమో ఆలోచించండి.

అసలు ట్విస్ట్ ఇక్కడ. మన డెల్టాలో కమ్యూనిస్టులు బలంగా ఉండేవాళ్లు. తర్వాత సీపీఐ జనరల్ సెక్రటరీ అయిన చండ్ర రాజేశ్వరరావు గారిది దివి తాలూకా మంగళాపురమే. మొదట్లో ఆ పార్టీ కూడా "ఇది సామ్రాజ్యవాదుల యుద్ధం, సాయం చేయొద్దు" అంది. 1941 జూన్ 22న హిట్లర్ సోవియట్ మీద పడ్డాడు. కొన్ని నెలల్లో లైన్ మారింది: "ఇది ప్రజాయుద్ధం, సాయం చేయాలి." 1942లో పార్టీ మీద నిషేధం ఎత్తేశారు. ప్రజాశక్తి పత్రిక, ఆ మరుసటి ఏడు ప్రజానాట్యమండలి వచ్చాయి. పేపర్ చదవలేని వాళ్లకి పార్టీ మాట బుర్రకథగా వెళ్లింది.

అదే 1942 ఆగస్టులో క్విట్ ఇండియా. మన బందరు డాక్టర్ పట్టాభి సీతారామయ్య గారిని అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. మూడేళ్ల ముందు కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికల్లో ఆయన్ని ఓడించిన సుభాష్ బోస్ అప్పటికి బెర్లిన్‌లో ఉన్నాడు. బ్రిటిష్ వాళ్ల మీద పోరాటానికి జర్మనీ, జపాన్‌లని సైనిక సాయం అడుగుతున్నాడు. అంటే అరుగు మీద కూర్చున్న మన రైతు ముందు మూడు కథలు. ఇంగ్లీషోడికి సాయం చేయొద్దు. రష్యా కోసం చేయాలి. మనకే జపాన్ సాయం వస్తోంది. ముగ్గురూ దేశభక్తి పేరే చెప్తున్నారు!

లైన్ మార్చినవాళ్లంతా అమ్ముడుపోయారు అనడం ఈజీ. నేను అలా అనను. పరిస్థితి కూడా నిజంగానే మారింది. 1942 మార్చిలో రంగూన్ పడిపోయింది, బర్మా బియ్యం ఆగిపోయింది. ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద జపాన్ బాంబులు పడ్డాయి. భయం నిజం. కానీ ఆ నిజమైన భయానికి ఏ పేరు పెట్టాలో, దాన్ని ఎటు తిప్పాలో పేపర్లు, స్టేజీలు, సెన్సార్ ఆఫీసు కలిసి తేల్చాయి.

సెన్సార్ అన్నాను కదా. 1943లో బెంగాల్‌లో లక్షల మంది ఆకలితో చచ్చిపోతున్నారు. కరువు అనే మాట బయటికి రాకుండా చూశారు. ఆగస్టులో కలకత్తా స్టేట్స్‌మన్ పేపర్ ఫొటోలు వేసేదాకా ప్రపంచానికి సరిగ్గా తెలియలేదు. యుద్ధం అయ్యేసరికి బ్రిటన్ మనకి బాకీ పడింది సుమారు 130 కోట్ల పౌండ్లు. అంటే సాయం చేసింది ఆకలితో ఉన్న దేశం.

సో, ఈ కథ నుంచి నేను నేర్చుకున్నవి మూడు ప్రశ్నలు. ఏ యుద్ధం వీడియో వచ్చినా ముందు ఇవి వేసుకుంటా. ఈ యుద్ధానికి ఆ పేరు ఎవరు పెట్టారు? సాయం అంటున్నారు, బిల్లు ఎవరి జేబులోంచి? నాకు చూపించని ఫొటో ఏది?

ఆయుధాలు పంపాలా వద్దా అన్నది మీరే తేల్చుకోండి, అది నేను చెప్పను. నా పాత షార్ట్ గురించి కరెక్షన్ మాత్రం పిన్ చేశా. నాలుగేళ్ల క్రితమే చేయాల్సిన పని. మీ ఇంట్లో ఆ రోజులు విన్న పెద్దవాళ్లు ఉంటే ఈ ఆదివారం వాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి. ఫోన్ పక్కన పెట్టి అడగండి: మన ఊరి అరుగు మీద అప్పుడు ఎవరి కథ నమ్మారు, ఎందుకు నమ్మారు అని.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.