పోరంబోకు నేలపై పెరిగిన ఆట

కోనసీమ నేల పైచూపునకు సమతలముగా దోచును గాని, నిజమునకు అది అలలు వేసిన నేల. సముద్రము వైపు సాగిపోవువానికి ఒక మెరక, ఒక పల్లము, మరల ఒక మెరక, మరల ఒక పల్లము ఎదురగుచుండును. మెరకలపై ఊళ్లును, కొబ్బరితోటలును, పల్లములందు వరిచేలు. ఈ మెరకలు ఒకనాటి సముద్రతీరములు. గోదావరి తెచ్చిన ఇసుకను అలలు గట్టుగా పేర్చగా, ఆ గట్టునకు ముందు మరల క్రొత్తనేల పడగా, వేలకొలది యేండ్లలో సముద్రము వెనుకకు తగ్గుచు విడిచిపోయిన గురుతులివి. గౌతమీ వృద్ధగౌతముల నడుమనున్న ఐ.పోలవరము పేరులోని మొదటి అక్షరము కూడ ద్వీపమును తెలుపు ఐలాండు అను మాటకు పొట్టిరూపమే. నదియు, సముద్రమును, గాలియు కలిసి నేలను ఎట్లు తీర్చునో ఇచ్చటివారికి వేరుగ చెప్పవలసిన పని లేదు.

ఇట్లు అలలును గాలియు తీర్చిన నేలయే, చలిదేశమైన స్కాట్లండు తూర్పుతీరమున, ఒక ఆటకు పుట్టినిల్లయినది. ఆ ఆట గోల్ఫు. అచ్చటివారు ఆ నేలను లింక్సు అందురు. సముద్రమునకును సాగుభూమికిని నడుమనుండు ఇసుకనేల యది. అది నాగలికి లొంగదు, నీటిని నిలుపదు, ఉప్పుగాలికి పెద్దచెట్లు ఎదుగవు. పొట్టి పచ్చిక మాత్రము దట్టముగా మొలచును. ఆ పచ్చికను గొఱ్ఱెలును కుందేళ్లును కొరికి నున్నజేయును. శిస్తు రాని నేలపై దొరలకు ఆశ లేదు. కావున ఊరివారు అందు పశువులను మేపుకొనిరి, బట్టలు ఆరవేసికొనిరి, వలలు పరచుకొనిరి, ఆటలాడుకొనిరి. మన రెవిన్యూ భాషలో చెప్పవలెనన్న అది పోరంబోకు. తమిళము నుండి వచ్చిన ఈ మాటకు శిస్తు లెక్కకు వెలుపల విడిచిన నేల యని మాత్రమే అర్థము. దానిని మనము తిట్టుగా మార్చుకొంటిమి. పదిమందికి చెందినదానిని ఎవరికిని చెందనిదానిగా చూచు అలవాటు ఆ తిట్టులో దాగియున్నది.

గోల్ఫన్నచో మన కనులకు కట్టునది వేరు దృశ్యము: ఎత్తైన ప్రహరి, కావలివాడు, సభ్యులకు మాత్రమే తెరచు తలుపు. దీనికి చారిత్రక కారణము లేకపోలేదు. బ్రిటిషు దీవులకు వెలుపల మొట్టమొదటి గోల్ఫు సంఘము 1829లో కలకత్తాలో నెలకొన్నది. బెంగుళూరు సంఘము 1876 నాటిది. తెలుగునాట విశాఖపట్టణములోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు తన పుట్టుక 1884 అని చెప్పుకొనును. దాని పదునెనిమిది గుంటల మైదానము నేడు ముడసర్లోవ ప్రాంతమున, కొండల చెంతనున్నది. ఈ ఆట మన దేశమునకు అధికారుల వెంట, వర్తకుల వెంట వచ్చినది. వారి క్లబ్బులలోనే పెరిగినది. కనుక మనము ఆటను చూడక మునుపే గోడను చూచితిమి. గోడ లేని కాలపు గోల్ఫు ఎట్టిదో తెలిసికొనవలెనన్న, మసెల్‌బరో అను చిన్న ఊరికి పోవలెను.

మసెల్‌బరో ఎడింబరో నగరమునకు తూర్పున సుమారు ఆరుమైళ్ల దూరమున, ఎస్క్ అను ఏరు సముద్రమున కలియుచోట నున్నది. దీనికి నిజాయితీ గల ఊరు అని బిరుదు. 1332లో స్కాట్లండు రాజ్యరక్షకుడైన మోరే ప్రభువు ఇచ్చట జబ్బుపడి మరణించెననియు, ఊరివారు ఆయనకు సేవచేసి, అందులకు ప్రతిఫలము పుచ్చుకొన నిరాకరించిరనియు, నాటినుండి ఆ బిరుదు నిలిచినదనియు చెప్పుదురు. ఆ ఊరి లింక్సుపై గోల్ఫు ఆడిరనుటకు వ్రాతపూర్వకమైన ఆధారము 1672 మార్చి 2వ తేదీ నాటిది. రావెల్‌స్టన్ ప్రభువగు సర్ జాన్ ఫౌలిస్ ఆనాడు మసెల్‌బరోలో గోల్ఫు పందెమున తాను పోగొట్టుకొన్న సొమ్మును తన ఖర్చుల పుస్తకమున వ్రాసికొనెను. గెలిచినవాడు మరచిన ఆటను ఓడినవాడు చరిత్ర కెక్కించెనన్నమాట!

ఈ ఆట అంతకుముందు నుండియు కలదు. 1457లోనే స్కాట్లండు శాసనసభ, యువకులు విలువిద్య మాని ఆటలలో మునిగిపోవుచున్నారని, గోల్ఫును ఫుట్‌బాలును నిషేధించెను. ఒక ఆటను నిషేధింపవలసి వచ్చెననగా అది సామాన్యులలో ఎంతగా పాతుకొనెనో గ్రహింపవచ్చును. ఏ మైదానము అన్నిటికంటె ప్రాచీనమన్న వివాదములో సెయింట్ ఆండ్రూస్ వారికిని బలమైన వాదము కలదు. ఆ తగవు తీర్చుట మా ఉద్దేశము కాదు. సెయింట్ ఆండ్రూస్ ప్రపంచమెరిగిన పేరు. మసెల్‌బరో పేరు ఆ ఆట ఆడువారిలో సైతము పెక్కురు ఎరుగరు. ఎరుగదగినదెందుకో చెప్పుటయే మా ప్రయత్నము.

మొదటిది, అచ్చటి స్త్రీల కథ. మసెల్‌బరో పల్లెకారు స్త్రీలు బుట్టలు వీపున వేసికొని, ఎడింబరో వరకు నడచి చేపలమ్ముకొనెడివారు. భైరవపాలెము వంటి మన తీరగ్రామముల నెరిగినవారికి అట్టి బ్రతుకు క్రొత్త కాదు. పదునెనిమిదవ శతాబ్ది చివర, ఆ ప్రాంతపు మతాచార్యుడైన అలెగ్జాండర్ కార్లైల్ తన పరగణా విశేషములను వ్రాయుచు, ఈ స్త్రీలు మగవారి పనులన్నియు చేయుదురనియు, సెలవుదినములలో గోల్ఫు ఆడుదురనియు తెలిపెను. ఏటేట వారిలో పెండ్లియైనవారికిని కానివారికిని ఫుట్‌బాలు పందెము జరుగుననియు, అందు పెండ్లియైనవారే ఎల్లప్పుడు గెలుతురనియు కూడ ఆయన వ్రాసెను.

1774లో ఏర్పడిన మసెల్‌బరో గోల్ఫు సంఘమువారు 1810 డిసెంబరులో ఒక తీర్మానము చేసిరి. రానున్న నూతనసంవత్సరదినమున పల్లెకారు స్త్రీలలో ఉత్తమముగా ఆడినవారికి ఒక క్రొత్త చేపలబుట్టయు ఒక శాలువయు, తరువాతి యిద్దరికిని బార్సిలోనా పట్టురుమాళ్లును బహుమతులుగా నీయవలెనని ఆ తీర్మానము. స్త్రీలకై ఏర్పరచిన గోల్ఫు పోటీలలో వ్రాతకెక్కిన మొదటిది ఇదియే యని చరిత్రకారులు పరిగణింతురు. వెండిగిన్నె కాదు, బంగారుపతకము కాదు. మరునాడు చేపలు మోయుటకు పనికివచ్చు బుట్ట! ఆడినవారి బ్రతుకెరిగి ఇచ్చిన బహుమానమది.

రెండవది, గుంట కథ. చిన్నబంతిని కఱ్ఱతో కొట్టి, వీలైనన్ని తక్కువదెబ్బలలో దూరముననున్న గుంటలో పడవేయుట ఈ ఆట సారము. మొదట ఆ గుంట పరిమాణమునకు నియమము లేదు; కత్తితో త్రవ్వినంత గుంట. చేయి పెట్టగా పెట్టగా అది పెద్దదగుచుండెను. 1829 నాటికి మసెల్‌బరోలో గుంటను కోయుటకు ఒక పనిముట్టు వాడుకలోనికి వచ్చెను. దాని అడ్డుకొలత నాలుగుంబావు అంగుళములు. 1890 దశకమున సెయింట్ ఆండ్రూస్ పెద్దలు ఆ కొలతనే అందరకును నియమముగా చేసిరి. నేడు ముడసర్లోవలోనైనను, అమెరికాలోనైనను, జపానులోనైనను గోల్ఫుగుంట వెడల్పు నాలుగుంబావు అంగుళములే. ఆటకు కొలత నిచ్చిన ఊరి పేరు మాత్రము ఆ కొలతతో పాటు ప్రయాణము చేయలేదు.

మూడవది, ఆటగాండ్ర కథ. ఓపెన్ అని ప్రసిద్ధిచెందిన మహాపోటీ 1860లో ప్రెస్ట్‌విక్ అను చోట మొదలయ్యెను. ఆ తొలిపోటీ గెలిచిన విల్లీ పార్క్ మసెల్‌బరో వాడు. పిమ్మట ఆ పోటీని ప్రెస్ట్‌విక్, సెయింట్ ఆండ్రూస్, మసెల్‌బరో మైదానములు వంతులవారీగా జరుపుకొనెను. మసెల్‌బరో వంతు 1874, 1877, 1880, 1883, 1886, 1889 సంవత్సరములలో వచ్చెను. 1874లో గెలిచిన మంగో పార్క్ విల్లీ తమ్ముడే. చాలకాలము ఓడలపై నావికుడుగా బ్రతికి ఇంటికి మరలివచ్చినవాడు. 1889లో గెలిచినది విల్లీ కుమారుడు, అదే పేరు గలవాడు. అదే ఊరి బాబ్ ఫెర్గూసన్ బాల్యమున ఇతరుల కఱ్ఱలు మోయుచు ఆట నేర్చెను. 1880 నుండి 1882 వరకు వరుసగా మూడేండ్లు గెలిచెను. నాలుగవయేట, స్వంత ఊరిలోనే, సమానముగా నిలిచి తిరిగి ఆడిన పందెమున ఒకే ఒక్క దెబ్బ తేడాతో ఓడెను. పిదప టైఫాయిడ్ జ్వరము అతని సత్తువను హరించెను. అతడు తన ఊరి మైదానమునకే సంరక్షకుడై, పిల్లలకు ఆట నేర్పుచు కాలము గడపెను. వీరందరును జమీందారులు కారు. ఇంటిగుమ్మము దాటినంతనే మైదానము కలవారు.

ఆ మైదానము పొడవైనది కాదు. మొదట ఏడు గుంటలు; 1870 నాటికి తొమ్మిది. నాలుగు మారులు తిరిగి ఆడినగాని ఓపెన్ పోటీకి కావలసిన ముప్పదియారు గుంటలు పూర్తికావు. 1816 నుండి దాని చుట్టును గుర్రపుపందెములు సాగుచున్నవి. మన చెన్నపట్టణమున గిండీ గుర్రపుపందెముల మైదానము నడుమ చిరకాలము గోల్ఫు ఆడినవారికి ఈ పద్ధతి వింతగా తోచియుండదు. పాండీ అను పెద్ద ఇసుకగొయ్యి ఆ మైదానమున ఆటగాండ్రకు సింహస్వప్నము. నాల్గవ గుంట ప్రక్కననే ఫోర్‌మన్ అను నామె పేరుగల పూటకూళ్లయిల్లు. ఆట నడుమ ఆగి దాహము తీర్చుకొనుటకు దాని గోడలో ఒక కిటికీ. ఊరును ఆటయు వేరువేరు కాకుండుటయే ఆ చోటి సొగసు. శిల్పి నక్షా గీచి కట్టించిన మైదానము కాదది. గాలి, గొఱ్ఱె, మనిషి పాదము కలిసి కట్టినది.

మరి అది వెనుకబడుటకు కారణమేమి? రైలుమార్గము వచ్చినపిదప ఎడింబరో నుండి ఆటగాండ్రు వెల్లువెత్తిరి. తొమ్మిది గుంటల నేలను నాలుగు పెద్దసంఘములు పంచుకొనవలసి వచ్చెను. అందు ఒకటి, 1744లో మొదటి నిబంధనలను వ్రాసిన ఎడింబరో గౌరవసంఘము. 1836 నుండి మసెల్‌బరోలో ఆడిన ఆ సంఘము 1891లో మ్యూర్‌ఫీల్డ్ అను చోట, రాతిగోడ నడుమ, స్వంతమైదానము ఏర్పరచుకొని తరలిపోయెను. మసెల్‌బరోకు రావలసిన 1892 నాటి ఓపెన్‌ను కూడ వెంటగొనిపోయెను. ఊరివారు మండిపడి అదే యేట స్వయముగా పోటీని ఏర్పరచిరి గాని, పోయిన గౌరవము మరలలేదు. తక్కిన సంఘములును ఒకదానివెంట నొకటి స్వంతనేలలకు పోయెను. 1774 నాటి ఊరిసంఘమే 1920 దశకమున వేరుచోటికి మారెను. తరలిపోయినవారిని తప్పుపట్టనవసరము లేదు, ఇరుకు నిజమే. కాని ధనముతో పాటు కీర్తియు తరలిపోవుట గమనింపదగినది.

ఆ గోడ లోపల మరియొక కథ జరిగెను. 2016 మే నెలలో మ్యూర్‌ఫీల్డ్ సంఘమువారు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనవలెనా యని ఓటు వేసికొనగా, కావలసిన మూడింట రెండువంతుల మద్దతు రాలేదు. ఓపెన్ నిర్వాహకులు ఇకపై అచ్చట పోటీ జరుపమని ప్రకటించిరి. 2017 మార్చిలో మరల ఓటు వేసినపిదప గాని తలుపు తెరువబడలేదు. చేపలబుట్ట బహుమానముగా నీయ నిశ్చయించిన తీర్మానమునకు అప్పటికి రెండువందల ఆరేండ్లు నిండినవి. కాలము గడచినకొలది మనిషి తప్పక ముందునకే నడచునని మనము అనుకొందుము. ఉమ్మడినేల మీద సహజముగా నున్న సమానత్వము, గోడ కట్టినపిదప రెండు శతాబ్దులు పోరాడినగాని తిరిగి దొరకలేదు.

మసెల్‌బరోలో నేటికిని ఆట సాగుచున్నది. తొమ్మిది గుంటలే; సుమారు 2,800 గజముల నడక. నేటి బలమైన కఱ్ఱలకు అది చిన్నదే. గుర్రపుపందెముల దినమున ఆట ఆగును. లక్షలకొలది ప్రేక్షకులు వచ్చు పోటీలు అందు జరుగవు. అయినను సభ్యత్వమడుగక, వంశమడుగక, చిన్నరుసుముతో ఎవరినైనను ఆడనిచ్చు నేల అది. దాని గొప్పతనము చూపునకు ఆనదు. ఏలయన అది ఉన్నది అందములో కాదు, హక్కులో.

మనకును ఇట్టి నేలలు కలవు. ఊరిచివర పశువులబీడు, చెరువుగట్టు, సముద్రపుటొడ్డున ఇసుకమెరక, పిల్లలు బిళ్లంగోడు ఆడు ఖాళీస్థలము, వలలు ఆరవేయు దిబ్బ. వీనికి పంటలెక్కలో విలువ లేదు. ఇసుక లారీల లెక్కలో మాత్రము మెరకకు విలువ వచ్చును, అప్పుడది మిగులదు. వేలయేండ్లుగా సముద్రము పేర్చిన గట్టును కొన్ని దినములలో త్రవ్వి పంపవచ్చును. తిరిగి పేర్చుట ఏ ప్రభుత్వమునకును సాధ్యము కాదు. తుపానునాడు ఆ మెరకయే ఊరికి అండయని కోనసీమవారికి తెలియనిది కాదు. అండగా ఉన్నదానిని మామూలు దినములందును గుర్తుంచుకొనవలెనని మాత్రమే మా మనవి.

స్కాట్లండువారు ఆ ఇసుకనేలను దున్నియున్నను, అమ్మియున్నను, ప్రపంచమున కోట్లమంది ఆడు ఒక ఆట ఈనాటి రూపమున ఉండెడిది కాదు. అట్లు చేయకుండుటకు వారి దూరదృష్టి కారణము కాదు. ఆ నేలపై ఊరివారందరకును నడక అలవాటై యుండుట కారణము. నడచువారున్నంతకాలము బాట చెడదని మన పెద్దలెరుగుదురు. ఉమ్మడినేలకును రక్ష అదియే. అందు పిల్లలు ఆడవలెను, పశువులు మేయవలెను, స్త్రీలు నిర్భయముగా తిరుగవలెను. పోరంబోకు అను మాటను తిట్టుగా వాడుట మానినచో, అది మంచి ఆరంభమే యగును.