బాక్సింగ్‌లో ఇంతమంది ప్రపంచ ఛాంపియన్లు ఎందుకు?

ప్రపంచ హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్ ఎవరు అని 1940లో ఎవరినైనా అడిగితే వచ్చే జవాబు ఒక్కటే, జో లూయిస్. 1937 నుంచి 1949 దాకా, దాదాపు పన్నెండేళ్లు ఆ టైటిల్ ఆయన దగ్గరే ఉంది. 25 సార్లు దాన్ని నిలబెట్టుకున్నాడు. అదే ప్రశ్న ఇవాళ అడిగితే జవాబు రాదు, ఎదురు ప్రశ్న వస్తుంది. "ఏ సంస్థ ఛాంపియన్ గురించి అడుగుతున్నారు?" అని.

లెక్క చూడండి. ఒకప్పుడు ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో బరువును బట్టి ఎనిమిది తరగతులు ఉండేవి. ఎనిమిది తరగతులకి ఎనిమిది మంది ఛాంపియన్లు. ఇప్పుడు తరగతులు 17. పెద్ద సంస్థలు నాలుగు: డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో. పదిహేడు నాలుగులు 68. మగవాళ్ల బాక్సింగ్‌లోనే 68 ప్రపంచ టైటిళ్లన్నమాట. వీటిమీద మళ్లీ "సూపర్" ఛాంపియన్, "ఇంటరిమ్" ఛాంపియన్ లాంటివి వేరే ఉన్నాయి. వాటి సంగతి తర్వాత చూద్దాం.

ఇది ఎలా జరిగింది, ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఇదీ ఈ ఎపిసోడ్ విషయం.

మొదటినుంచి వద్దాం. 1892 సెప్టెంబర్ 7న అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో జాన్ ఎల్. సలివాన్‌ని జేమ్స్ కార్బెట్ 21వ రౌండ్‌లో నాకౌట్ చేశాడు. గ్లవ్స్ తొడుక్కుని, క్వీన్స్‌బెర్రీ నియమాల ప్రకారం జరిగిన పోటీ అది. ఆధునిక హెవీవెయిట్ టైటిల్‌ని చాలామంది అక్కణ్ణుంచే లెక్కపెడతారు. అప్పుడు ఛాంపియన్‌కి సర్టిఫికెట్ ఇచ్చే ప్రపంచ సంస్థ ఏదీ లేదు. సూత్రం చాలా సులువు: ఛాంపియన్‌ని ఓడించినవాడే ఛాంపియన్. సలివాన్‌ని కార్బెట్ ఓడించాడు, ఛాంపియన్ అయ్యాడు. కార్బెట్‌ని ఓడించినవాడు ఆ తర్వాత ఛాంపియన్. అంతే.

అయితే ఆ రోజులన్నీ బంగారు రోజులు అనుకోకండి. ఛాంపియన్ ఒక్కడే అయితే తలుపు కూడా ఒక్కటే. ఆ తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారన్నది ముఖ్యం. సలివాన్ నల్లజాతి బాక్సర్లతో తలపడనని బాహాటంగా ప్రకటించాడు. తెల్లవాళ్లు టైటిల్ దగ్గరికి రానివ్వకపోతే నల్లజాతి బాక్సర్లు ఏం చేశారు? వాళ్లకంటూ వేరే హెవీవెయిట్ టైటిల్ ఒకటి నడిచింది. జాక్ జాన్సన్ దాన్ని 1903లో గెలిచాడు. అసలు టైటిల్ కోసం ఆయన 1908 డిసెంబర్ 26 దాకా ఆగాల్సి వచ్చింది. అది కూడా అమెరికాలో కాదు, ఆస్ట్రేలియాలోని సిడ్నీలో. 1915లో జాన్సన్ ఓడిపోయాక, 1937లో జో లూయిస్ దాకా మరో నల్లజాతి బాక్సర్‌కి హెవీవెయిట్ టైటిల్ కోసం ఒక్క అవకాశం కూడా ఇవ్వలేదు. 22 ఏళ్లు! అంటే రెండో టైటిల్ అనేది బాక్సింగ్‌లో వర్ణవివక్ష నుంచే మొదలైంది.

1950ల సంగతీ అంతే. టైటిల్ పోటీల్లో చాలావరకు ఇంటర్నేషనల్ బాక్సింగ్ క్లబ్ అనే ఒక్క ప్రమోటర్ సంస్థ గుప్పిట్లో ఉండేవి. దాని వెనక ఫ్రాంకీ కార్బో అనే మాఫియా మనిషి ఉన్నాడు. ఆ క్లబ్‌ది చట్టవిరుద్ధమైన గుత్తాధిపత్యం అని అమెరికా సుప్రీం కోర్టు 1959లో తేల్చింది. కార్బో 1961లో జైలుకెళ్లాడు. కాబట్టి "ఒకే ఛాంపియన్ ఉంటే అంతా బాగుంటుంది" అన్న మాట సగమే నిజం. ఈ సగాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వద్దాం.

ఇక చీలికలు. 1920లో న్యూయార్క్ రాష్ట్రం బాక్సింగ్‌కి ఒక కమిషన్ పెట్టింది. మరుసటి ఏడాది మిగతా కొన్ని రాష్ట్రాలు కలిసి నేషనల్ బాక్సింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. న్యూయార్క్ మాట వీళ్లు వినరు, వీళ్ల మాట న్యూయార్క్ వినదు. 1931 నుంచి పదేళ్లపాటు మిడిల్‌వెయిట్ టైటిల్ ముక్కలైపోయి ఉంది. 1941లో టోనీ జేల్ వచ్చి దాన్ని ఒక్కటి చేశాడు. అప్పటికింకా చీలికలు మానిపోయేవి.

1962లో నేషనల్ అసోసియేషన్ పేరు మార్చుకుని వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్ అయింది. అదే డబ్ల్యూబీఏ. పేరులో ప్రపంచం ఉన్నా అధికారం అమెరికా రాష్ట్రాల చేతుల్లోనే ఉందని మిగతా దేశాలకి అసంతృప్తి. 1963లో మెక్సికో సిటీలో డబ్ల్యూబీసీ పుట్టింది. తర్వాత డబ్ల్యూబీఏ కూడా లాటిన్ అమెరికా వాళ్ల చేతికి పోయింది. అక్కడ అధ్యక్ష ఎన్నికలో ఓడిపోయిన రాబర్ట్ లీ అనే అమెరికన్ 1983లో వేరే దుకాణం పెట్టాడు, ఐబీఎఫ్. అప్పటి హెవీవెయిట్ దిగ్గజం లారీ హోమ్స్ డబ్ల్యూబీసీని వదిలేసి ఐబీఎఫ్ బెల్టు కట్టుకోవడంతో దానికి విలువొచ్చింది. 1988లో డబ్ల్యూబీఏలో మళ్లీ గొడవ, ఈసారి ప్యూర్టోరికో, డొమినికన్ రిపబ్లిక్ వాళ్లు బయటికొచ్చి డబ్ల్యూబీవో పెట్టారు. ఉమ్మడి కుటుంబంలో అన్నదమ్ములు ఒక్కొక్కళ్లే వేరుపడినట్టు ఉంటుంది ఈ కథ. కాకపోతే ఇక్కడ ఎవరూ ఆస్తి పంచుకోలేదు. ప్రతివాడూ మొత్తం ఆస్తి నాదే అన్నాడు.

మరి బాక్సర్ల సంగతి? మొహమ్మద్ అలీతోనే మొదలుపెడదాం. 1964 ఫిబ్రవరిలో సోనీ లిస్టన్‌ని ఓడించి ఛాంపియన్ అయ్యాడు. లిస్టన్‌తో మళ్లీ తలపడటానికి ఒప్పందం చేసుకున్నాడని ఆ ఏడాదే డబ్ల్యూబీఏ టైటిల్ తీసేసింది. 1967 ఫిబ్రవరిలో వాళ్ల ఛాంపియన్ ఎర్నీ టెరెల్‌ని ఓడించి దాన్ని తిరిగి తెచ్చుకున్నాడు. రెండు నెలలు తిరిగాయి. ఏప్రిల్ 28న హ్యూస్టన్‌లో సైన్యంలో చేరనని నిలబడ్డాడు. న్యూయార్క్ కమిషన్, డబ్ల్యూబీఏ వెంటనే టైటిల్ పీకేశాయి. ఆయన్ని రింగ్‌లో ఎవరూ ఓడించలేదు. ఖాళీ అయిన కుర్చీలో న్యూయార్క్ జో ఫ్రేజియర్‌ని, డబ్ల్యూబీఏ జిమ్మీ ఎల్లిస్‌ని కూర్చోబెట్టాయి.

ఇంకోటి వినండి. 1978 ఫిబ్రవరిలో లియాన్ స్పింక్స్ అనే కుర్రాడు అలీని ఓడించి అందర్నీ ఆశ్చర్యపరిచాడు. డబ్ల్యూబీసీ ఏమందంటే, ముందు కెన్ నార్టన్‌తో ఆడాలి అంది. స్పింక్స్ అలీతోనే మళ్లీ ఆడతానన్నాడు. నెల రోజుల్లో అతని బెల్టు లాక్కుని నార్టన్‌కి ఇచ్చేశారు. నార్టన్ అంతకుముందు ఏడాది జిమ్మీ యంగ్ మీద గెలిచిన పోటీనే టైటిల్ పోటీగా లెక్కేసుకున్నారు. ఆ జూన్‌లో లారీ హోమ్స్ చేతిలో నార్టన్ ఓడిపోయాడు. పాపం నార్టన్ మంచి బాక్సరే, అందులో సందేహం లేదు. కానీ జీవితంలో మూడు టైటిల్ పోటీలాడితే మూడూ ఓడిపోయాడు, అయినా చరిత్రలో ప్రపంచ ఛాంపియన్‌గా ఉన్నాడు.

ఇలాంటివి ఎందుకు జరుగుతాయి? డబ్బు దారి చూస్తే తెలుస్తుంది. టైటిల్ పోటీ జరిగితే బాక్సర్ల పారితోషికంలోంచి ఆ సంస్థకి ఫీజు కట్టాలి, మామూలుగా మూడు శాతం దాకా ఉంటుంది. ప్రమోటర్‌కి పోస్టర్ మీద "ప్రపంచ ఛాంపియన్‌షిప్" అన్న మాట కావాలి. టీవీ వాళ్లకీ అదే కావాలి. బెల్టు ఎన్ని చేతుల్లో ఉంటే ఫీజు అన్నిసార్లు వస్తుంది. టైటిల్‌కి ఎవరు పోటీపడాలో చెప్పేది ర్యాంకింగ్. ఆ ర్యాంకింగ్ రాసేది కూడా ఫీజు తీసుకునే సంస్థే. పరీక్ష పెట్టేవాడూ, మార్కులు వేసేవాడూ, ఫీజు వసూలు చేసేవాడూ ఒక్కడే అయితే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఇది ఊహ కాదు, కోర్టులో తేలిన విషయం. ర్యాంకింగ్‌ల కోసం ప్రమోటర్ల దగ్గర లంచాలు తీసుకున్నారని ఐబీఎఫ్ అధ్యక్షుడు రాబర్ట్ లీ మీద 1999లో అమెరికా ప్రభుత్వం కేసు పెట్టింది. 2000లో జ్యూరీ చాలా ఆరోపణల్లో వదిలేసినా, మనీ లాండరింగ్, పన్ను ఎగవేత లాంటి కొన్నింటిలో దోషి అంది. 22 నెలల శిక్ష పడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే డబ్ల్యూబీవో ర్యాంకింగ్‌లో డారిన్ మోరిస్ అనే బాక్సర్ ఏడో స్థానం నుంచి ఐదో స్థానానికి ఎగబాకాడు. అప్పటికి ఆయన చనిపోయి కొన్ని నెలలైంది! ఎవరూ చూసుకోలేదు.

జర్మనీ బాక్సర్ గ్రాచియానో రోకిజియానీ కథ ఇంకా బాధాకరం. రాయ్ జోన్స్ వదిలేసిన డబ్ల్యూబీసీ లైట్ హెవీవెయిట్ టైటిల్ కోసం 1998 మార్చిలో బెర్లిన్‌లో మైకేల్ నన్‌ని ఓడించాడు. ఛాంపియన్ అన్నారు. తర్వాత జోన్స్ తిరిగొస్తే టైటిల్ ఆయనకే ఇచ్చేసి, రోకిజియానీని అసలు ఛాంపియన్‌గా చూపించడం అచ్చు తప్పు అన్నారు! ఆయన ఊరుకోలేదు, న్యూయార్క్‌లో కోర్టుకెళ్లాడు. 3 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ఇవ్వాలని తీర్పొచ్చింది. డబ్ల్యూబీసీ 2004లో దివాలా రక్షణ కోరి, చివరికి రాజీ చేసుకుని బతికింది. ఒక మనిషి దెబ్బలు తిని గెలిచింది ఒక కాగితం ముక్కతో పోవచ్చన్నమాట. అందరికీ కోర్టుకెళ్లే ఓపిక, డబ్బు ఉంటాయా?

ఇప్పుడు ఇంతకుముందు ఆపిన సూపర్, ఇంటరిమ్‌ల సంగతి. నాలుగు సంస్థలు చాలనట్టు ఒక్కో సంస్థలోనే ఛాంపియన్లు పిల్లలు పెట్టారు. ఒకే బరువు తరగతిలో డబ్ల్యూబీఏకి సూపర్, రెగ్యులర్, ఇంటరిమ్, గోల్డ్ అని నలుగురు ఉన్న రోజులున్నాయి. 2021 ఆగస్టులో మినియాపొలిస్‌లో జరిగిన ఒక ఇంటరిమ్ టైటిల్ పోటీలో జడ్జీల తీర్పు మీద గొడవై, అప్పుడుగానీ ఇంటరిమ్ బెల్టులు రద్దు చేయలేదు.

ఇప్పుడు మొదట పక్కన పెట్టిన సగం నిజం దగ్గరికి వద్దాం. ఇన్ని తలుపులు తెరుచుకోవడం వల్ల లోపలికి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఘనా దేశపు తొలి ప్రపంచ ఛాంపియన్ డేవిడ్ కోటే 1975లో గెలిచింది డబ్ల్యూబీసీ బెల్టే. ఫిలిప్పీన్స్‌లో పేదరికంలో పుట్టిన మ్యానీ పాక్వియావో 1998లో థాయ్‌లాండ్‌లో గెలిచిన మొదటి ప్రపంచ టైటిలూ డబ్ల్యూబీసీదే. 1982 నవంబర్‌లో లాస్ వెగాస్‌లో దెబ్బలు తిని కొరియా బాక్సర్ కిమ్ డుక్ కూ చనిపోయాక, 15 రౌండ్లని ముందుగా 12కి తగ్గించింది కూడా డబ్ల్యూబీసీయే. మంచిని మంచి అనాలి కదా.

కాబట్టి రోగం సంఖ్యలో లేదండీ. ర్యాంకు ఇచ్చే చేయి, ఫీజు పుచ్చుకునే చేయి ఒకటే కావడంలో ఉంది. అందుకే అందరి బెల్టులూ ఒకడే గెలిచినా అది నిలవదు. లెనాక్స్ లూయిస్ 1999 నవంబర్‌లో డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్ హెవీవెయిట్ టైటిళ్లని ఒక్కటి చేశాడు. ఆరు నెలలు కూడా కాకుండానే డబ్ల్యూబీఏ బెల్టు పోయింది, వాళ్లు చెప్పినవాడితో ముందు ఆడలేదని. టైసన్ ఫ్యూరీ 2015 నవంబర్‌లో క్లిచ్కోని ఓడిస్తే రెండు వారాల్లోపే ఐబీఎఫ్ బెల్టు లాక్కున్నారు. స్పింక్స్ కథే మళ్లీ. 2024 మేలో రియాద్‌లో ఒలెక్సాండర్ ఉసిక్ నాలుగు బెల్టులూ గెలిచాడు, నెలన్నర తిరగకముందే ఒకటి వదులుకోవాల్సి వచ్చింది.

చదరంగంలోనూ ఇలాగే జరిగింది. 1993లో కాస్పరోవ్, షార్ట్ ఫీడే నుంచి బయటికొచ్చి టైటిల్‌ని రెండు చేశారు. 2006లో క్రామ్నిక్, టోపలోవ్ పోటీతో మళ్లీ ఒక్కటైంది. ఎందుకంటే అక్కడ దేశాల సమాఖ్యలన్నీ సభ్యులుగా ఉన్న సంస్థ ఒకటి నిలబడి ఉంది, తిరిగి రావడానికి ఒక ఇల్లు ఉంది. ప్రొఫెషనల్ బాక్సింగ్‌కి అలాంటి ఇల్లు ఎప్పుడూ లేదు.

మన వార్తల గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. 2016 జులైలో ఢిల్లీలో విజేందర్ సింగ్ గెలిచింది డబ్ల్యూబీవో ఆసియా పసిఫిక్ టైటిల్. గొప్ప గెలుపే, కానీ ప్రపంచ టైటిల్ కాదు. మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో గెలిచింది అమెచ్యూర్ ప్రపంచ ఛాంపియన్‌షిప్. అక్కడ బెల్టు ఒకరు ఇచ్చేది కాదు, వరసగా పోటీలు గెలుస్తూ ఫైనల్ దాకా రావాలి. రెండూ వేర్వేరు లోకాలు.

అందుకని ఇకమీదట "ప్రపంచ ఛాంపియన్" అన్న మాట వినగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. బెల్టు ఏ సంస్థది? ఎవరిని ఓడిస్తే వచ్చింది? అంతకుముందున్న ఛాంపియన్ రింగ్‌లో ఓడాడా, ఆఫీసులో ఓడాడా? ఈ మూడోది తప్పకుండా అడగండి. ఎందుకంటే రింగ్‌లో ఓడినవాడికి ఎందుకు ఓడాడో తెలుస్తుంది. ఆఫీసులో ఓడినవాడికి అది కూడా తెలియదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. సెలవు.