కృష్ణా డెల్టా అన్నం, మధుమేహ పథ్యం

మధుమేహం బయటపడిన మనిషికి విజయవాడ వైద్యుడు మందుచీటీతో పాటు చెప్పే మొదటి మాట అన్నం తగ్గించమన్నదే. టైప్ 2 మధుమేహంలో శరీరం ఇన్సులిన్‌ను తయారు చేసుకుంటూనే దానికి సరిగా స్పందించదు. క్రమేణా ఆ తయారీ కూడా సన్నగిల్లుతుంది. అందువల్ల తిన్న పిండిపదార్థం గ్లూకోజుగా మారి రక్తంలోనే నిలిచిపోతుంది. డెల్టా ఇళ్లలో ఆ పిండిపదార్థం చాలావరకు తెల్లబియ్యం నుంచే వస్తుంది కనుక వైద్యుడి మాటలో న్యాయముంది. వినేవారికి మాత్రం అది తాతముత్తాతల నాటి తిండిని వదులుకోమన్నట్టు తోస్తుంది. నిజానికి పూటపూటా మరపట్టిన తెల్లన్నం అందరి విస్తళ్లలోకీ రావడం ఈ గడ్డ మీద రెండు వందల ఏళ్లు కూడా నిండని ఆచారం.

విజయవాడ వద్ద కృష్ణా నదిపై ఆనకట్ట కట్టక ముందు దాని ఒడ్డున వరి లేకపోలేదు. చెరువుల కింద, వరద నీరు ఎక్కే పల్లపు భూముల్లో అది పండుతూనే ఉండేది. అయితే వానను నమ్ముకున్న మెట్ట పొలాల్లో జొన్న, సజ్జ, కొర్ర, వరిగ, అరికలదే రాజ్యం. కష్టజీవుల ఆకలి జొన్నసంకటితో, రొట్టెతో, అంబలితో తీరేది. పల్నాటి జొన్నకూటి మీద విసుక్కున్నట్టుగా కవి శ్రీనాథుడి పేరిట చాటువులు నేటికీ ప్రచారంలో ఉన్నాయంటే, సన్నన్నానికి సంఘంలో ఉన్న గౌరవం ఎంత పాతదో ఊహించవచ్చు. ఆ కాలాన్ని ఆరోగ్యపు స్వర్ణయుగంగా చిత్రించడం మాత్రం తగదు. వానలు మొగం చాటేసిన 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చిన కరువు గుంటూరు సీమలో లక్షల మందిని పొట్టన పెట్టుకుంది.

ఆ కరువు జ్ఞాపకమే కృష్ణ మీద ఆనకట్ట కావాలన్న వాదానికి బలమైంది. బ్రిటిష్ ఇంజనీరు ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో, ఇంద్రకీలాద్రికీ సీతానగరం కొండకూ నడుమ 1852లో మొదలైన కట్టడం 1855లో పూర్తయింది. తూర్పున బందరు, ఏలూరు కాలువలు, పడమట కొమ్మమూరు కాలువ నీరు మోసుకుపోయిన మేర జొన్నచేలు వరిమళ్లుగా మారాయి. అదే చోట 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వెలిసేసరికి, వరి అన్నం తినడం డెల్టాలో గొప్పతనానికి గుర్తుగా ఉండే దశ దాటి నిత్యకృత్యమైపోయింది. ఆకలిచావులను చూసిన ప్రాంతానికి ఇది సామాన్యమైన మేలు కాదు.

నీటి తర్వాత అన్నం తీరును మార్చింది మర. అంతకుముందు వడ్లను రోట్లో పోసి, ఇద్దరు ఆడవాళ్లు ఎదురెదురుగా నిలబడి మార్చి మార్చి రోకలిపోటు వేసేవారు. ఊక విడిపోయాక చేటతో చెరిగి, నూకలు వేరు చేస్తే మిగిలిన గింజకు తవుడు పొర కొంతైనా అంటుకునే ఉండేది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో విస్తరించిన రైసుమిల్లులు ఆ పొరను పూర్తిగా గీకేసి మల్లెపూవు లాంటి బియ్యాన్ని ఇచ్చాయి. దాని వెల మరోవిధంగా చెల్లించవలసి వచ్చింది. ఉత్తర సర్కారులు, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న తీరసీమ, దేశంలో బెరిబెరి వ్యాధికి ప్రధాన స్థావరంగా వైద్యగ్రంథాల కెక్కింది. కాళ్లు తిమ్మిరెక్కి, కొందరిలో వాపు వచ్చి, గుండె బలహీనపడే ఈ వ్యాధికి మూలం తవుడులో ఉండే బి1 విటమిన్ లోపించడమే. వడ్లను ఉడకబెట్టి ఎండబెట్టాక మరపట్టే ఉప్పుడు బియ్యంలో ఆ విటమిన్ గింజ లోపలికి ఇంకి కొంతవరకు నిలుస్తుంది. కోస్తా ఆంధ్రులకు ఇష్టమైన పచ్చిబియ్యంలో తవుడుతోనే పోతుంది. ఈ వ్యాధి గుట్టు తేల్చడానికి 1918లో వైద్యుడు రాబర్ట్ మెక్‌కారిసన్ కూనూరులోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఒకే ఒక్క గదిలో మొదలుపెట్టిన పరిశోధనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అన్నం మీద డెల్టాకు అందిన తొలి శాస్త్రీయ హెచ్చరిక మధుమేహం నుంచి కాక బెరిబెరి నుంచి వచ్చిందన్నది మరవరాని విషయం. తవుడుతో పోయేది విటమిన్ ఒక్కటే కాదు, పీచు కూడా; పీచు లేని పిండిపదార్థం త్వరగా జీర్ణమై రక్తంలోకి ఒక్కసారిగా గ్లూకోజును వదులుతుంది.

గాంధీజీ 1934లో నెలకొల్పిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం దంపుడు బియ్యానికి గట్టిగా ప్రచారం చేసినా మర జోరు ఆగలేదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1983లో తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెల్లన్నాన్ని పేదల ఇళ్లకూ చేర్చింది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన సాంబమసూరి, అంటే బీపీటీ 5204, సన్నబియ్యం మీది మక్కువను అందరికీ అందుబాటులోకి తెచ్చింది. ఇంతలో కోతలు, నూర్పిళ్లు యంత్రాల పాలై ఒంటి శ్రమ తగ్గింది, కంచంలో అన్నం కుప్ప మాత్రం తగ్గలేదు. మధుమేహం పెరగడానికి వంశపారంపర్యం, బరువు, వయసు కూడా కారణాలే గనుక నేరమంతా బియ్యం మీద మోపడం న్యాయం కాదు. శ్రమకూ తిండికీ మధ్య తెగిన లంకె మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

ఆ లంకెను ప్రాచీన వైద్యులు ఎరుగుదురు. ప్రమేహానికి, అంటే మూత్రం అధికంగా పోయే రోగాల వర్గానికి, చరకుడు యవలను ముఖ్యాహారంగా చెప్పాడు. సుశ్రుతుడు అరిక, చామ జాతి ధాన్యాలను పథ్యంలో చేర్చి, చేతిలో చిల్లిగవ్వ లేని రోగిని చెప్పులు, గొడుగు లేకుండా నూరు యోజనాలు నడవమన్నాడు, బావులు తవ్వమన్నాడు.

ఇటీవలి దశాబ్దాల్లో పథ్యం చర్చకు విజయవాడే కేంద్రమైంది. కృష్ణ కరకట్ట పక్కన మంతెన సత్యనారాయణరాజు ప్రకృతి ఆశ్రమం ఉప్పు, నూనె లేని వంటను ప్రచారం చేసింది. వీరమాచినేని రామకృష్ణ అన్నాన్ని పూర్తిగా పక్కనబెట్టి, రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీరు తీసుకొనే పద్ధతిని ఊరూరా వినిపించగా పలువురు వైద్యులు అభ్యంతరం చెప్పారు. మైసూరు నుంచి ఖాదర్ వలీ కొర్ర, అండుకొర్ర, సామ, అరిక, ఊదలను మళ్లీ వంటింట్లోకి పిలిచారు. కరువు కాలపు తిండిగా తోసేసిన గింజలు ఇప్పుడు సన్నబియ్యాన్ని మించిన ధరకు అమ్ముడుపోతున్నాయి. ఈ మార్గాలు ఒకదానికొకటి విరుద్ధమైనా తెల్లన్నాన్ని తగ్గించడంలో ఏకీభవిస్తాయి. బరువు బాగా తగ్గితే వ్యాధి వెనక్కి తగ్గగలదని బ్రిటన్‌లో 2017లో వెలువడిన డైరెక్ట్ అధ్యయనం కూడా చూపింది. తక్కువ కేలరీల ఆహారంతో చికిత్స పొందిన వారిలో 46 శాతం మంది ఏడాది నాటికి మందులు లేకుండానే మధుమేహ స్థాయి దిగువకు వచ్చారు. అయితే ఇన్సులిన్ గానీ గ్లూకోజును బాగా దించే మాత్రలు గానీ వాడేవారు వైద్యునితో మోతాదు సరిచేయించుకోకుండా అన్నం ఒక్కసారిగా మానితే గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

డెల్టా భోజనంలో అసలు చిక్కు వడ్డన వరుసలోనే ఉంది. పప్పుకు అన్నం, కూరకు అన్నం, పులుసుకు అన్నం, చారుకు అన్నం, చివర పెరుగుకూ అన్నమే. ప్రతి వంటకమూ మరో రెండు ముద్దలు అడుగుతుంది. నేటి పథ్యం ఈ వరుసను తిరగేసి, దొండకాయ వేపుడో ఆనపకాయ కూరో ముందు గిన్నెనిండా పెట్టి, పప్పు చిక్కగా వడ్డించి, అన్నాన్ని ఒక చిన్న కప్పుకు పరిమితం చేస్తుంది. అలవాటు పడిన నాలుకకు ఇది కష్టమే గానీ, గోంగూర, చింతచిగురు, పెసరపప్పు, మజ్జిగ ఉండే ఇంట్లో అసాధ్యం కాదు. బియ్యం రకం కూడా కొంత తోడ్పడుతుంది. హైదరాబాదు శాస్త్రవేత్తలు బాపట్ల సాంబమసూరికి ఎండాకు తెగులు తట్టుకునే జన్యువులు చేర్చి 2008లో విడుదల చేసిన మెరుగైన సాంబమసూరికి గ్లైసీమిక్ సూచిక, అంటే తిన్నాక రక్తంలో గ్లూకోజు ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే కొలత, సుమారు 51గా తేలింది. 55, అంతకు లోపు ఉంటే తక్కువగా లెక్కిస్తారు. ఆ బియ్యాన్నైనా మునుపటిలా కంచం నిండా పెట్టుకుంటే ఆ తేడా వల్ల ఒరిగేది తక్కువే.